పైన పానా, కింద మామగారు

పోయిన సోమవారం పొద్దున మా మామగారు కన్నుమూశారు. మూడు రోజుల జ్వరం. నాలుగో రోజు కాఫీ అడిగారు, తెచ్చేలోపల వెళ్లిపోయారు. కర్నూలులో కారున్న వాళ్లలో ఆయనను ఎరగనివారు తక్కువ, ఆయన ముఖం ఎరిగినవారు ఇంకా తక్కువ. ఎప్పుడు చూసినా బండి కింద నుంచి బయటికి చాచిన రెండు కాళ్లే. పెద్ద పెద్దవాళ్లు కూడా ఆ కాళ్లతోనే మాట్లాడి వెళ్లేవారు.

కోడలిగా వచ్చిన కొత్తలో నాకూ ఆ కాళ్లే తెలుసు. మా ఇళ్లలో కోడలు మామ ఎదుట నిలబడదు, నోరు విప్పదు. ఆయన లోపలికి వస్తే నేను తలుపు చాటుకు. పాపం, నాకు తెలియడం కోసం ఆయన లేని దగ్గు తెచ్చుకుని దగ్గేవారు.

ఆయన కార్లు బాగుచేసే షెడ్డు ఇంటి ముందే. కర్నూలు రాజధాని అయ్యాక ఊళ్లోకి కార్లు వచ్చిపడ్డాయి. సరిగ్గా అప్పుడే షెడ్డులో పనిచేసే మనిషి ఏదో ఆఫీసులో డ్రైవరుగా చేరిపోయాడు. మా ఆయన రాయచోటి బస్సు నడుపుతూ వారానికి ఒక్కరోజు ఇంటికి వచ్చేవారు. ఒకనాడు ఒక కారు అడుగు రేకు విప్పాల్సి వచ్చింది. దాని బోల్టుల తలలు కారు లోపల, కాళ్లు పెట్టుకునే పలక ఎత్తితే కనిపిస్తాయి. నట్లు కింద. నట్టు తుప్పుపట్టి బిగుసుకుపోతే, కింద తిప్పినకొద్దీ బోల్టు కూడా దాంతోపాటే గిర్రున తిరుగుతుంది. రోజంతా తిప్పినా ఊడదు. పైన ఒకరు పానాతో తలను కదలకుండా పట్టుకోవాలి.

మొదట అత్తమ్మ కూర్చుంది. బోల్టునూ మామగారినీ కలిపి తిట్టి, భుజాలూ రెట్టలూ నొప్పులని దిగేసి నన్ను పిలిచింది.

"మామ ఉండాడు కదత్తా" అన్నాను.

"ఆయప్ప కింద, నువ్వు పైన. నడాన ఇంత కారుండాది. ఇంతకంటే పరదా యాడ దొరుకుతాది?"

అట్లా మొదలైంది. బండి కింద నుంచి ఆయన చెప్పేవారు, నేను "ఊఁ" అనేదాన్ని. "ఇప్పాలంటే ముందు రవ్వంత బిగించాల మా. అప్పుడు తుప్పు అదిరి దారిస్తాది" అనేవారు. మొండి నట్టు తగిలితే, "దానికి కిరసనాయిలు పొయ్యి, నాకు కాఫీ పొయ్యి. ఇద్దరమూ కొంచెంసేపు నానాల" అనేవారు. పని అయ్యాక నేను దిగి ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్న చప్పుడు వినిపించేదాకా ఆయన బండి కింద నుంచి బయటికి వచ్చేవారు కాదు.

ఒక బుధవారం డోన్ నుంచి మా అన్న ఉత్తరం వచ్చింది. అమ్మకు జ్వరం తగ్గడం లేదు, నిన్నే కలవరిస్తోంది అని. అత్తమ్మ చెడ్డది కాదు. "ఆదివారం నా కొడుకు రానీ, తోడిచ్చి పంపిస్తా" అంది. కోడల్ని ఒంటరిగా రైలెక్కించడం ఆమె ఊహకు అందదు. మామతో పంపడం అంతకన్నా అందదు.

ఆ పూట ఒక వకీలుగారి కారు ఉంది. పానా పట్టుకుని కూర్చున్నాను.

"ఏం మా, తిరుగుతాండాది. పట్టుకున్యావా?" అని కింద నుంచి గొంతు.

పానా జారి రేకు మీద పడింది. "చేతికి తగిలిందా?" అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు.

"మా అమ్మకు శానా జబ్బుగా ఉండాది మామా. ఆదివారం దాకా ఉంటాదో లేదో."

ఆయనను మామా అని పిలవడం అదే మొదటిసారి. కింద ఆయన పానా మళ్లీ నట్టుకు తగిలించిన చప్పుడు వినిపించింది. తర్వాత, "పానా తీసుకో మా. ఈ ఒక్కటీ ఇప్పుదాం" అన్నారు. ఉన్న బలమంతా పెట్టి పట్టుకున్నాను. కీచుమని ఊడింది.

పని పూర్తి చేసి అత్తమ్మతో అన్నారు: "ఈ బండి దూరం తోలి సూడాల. డోన్ దాకా పోయొస్తా. కోడలు గూడా రావాల."

"మీరిద్దరూ ఒక్క కార్లోనా!"

"దోవలో బోల్టు వదులైతే పైన పట్టేదెవరు? నీకు రెట్టలు నొప్పులంటివే."

అత్తమ్మ లోపలికి పోయి జొన్నరొట్టెలు మూటగట్టింది. వకీలుగారికి ఈ ప్రయాణం సంగతి ఇప్పటికీ తెలియదు. ఇది చదువుతూ ఉంటే పెద్దమనసు చేసుకోవాలి.

దారి పొడుగునా మామగారు వెనక్కి తిరగలేదు. వెల్దుర్తి దగ్గర నీళ్ల చెంబు కూడా తల తిప్పకుండానే భుజం మీదుగా అందించారు.

అమ్మ మంచంలో సగమైపోయి ఉంది. నన్ను చూసి, నా చేతులు చూసింది. గోళ్లనిండా నలుపు. ఆమె కళ్లలో భయం నాకు కనిపించింది.

"నీతో ఏం పని చేపిస్తాండారే తల్లీ?"

జవాబు వాకిట్లో నుంచి వచ్చింది. మామగారు సున్నపు గోడకు మసి అంటకుండా చేతులు దూరంగా పట్టుకుని, ముఖం వీధివైపు తిప్పి నిలబడ్డారు.

"నా పనిలో సగం నీ కూతురే చేస్తాది వదినా. ఆయమ్మ పట్టుకుంటే ఊడని బోల్టు లేదు. అంత మంచి చెయ్యి."

అంత మాట నా గురించి అంతకుముందు ఎవరూ అనలేదు. అమ్మ విన్నది. అందుకు ఆయనకు నేను ఏమిచ్చినా తీరదు.

శనివారం అమ్మ పోయింది. నేను అక్కడే ఉన్న ఆ మూడు రోజులూ చూడవచ్చిన ప్రతివాళ్లకూ నా చెయ్యి పట్టుకుని గోళ్లు చూపించింది. "మా వియ్యంకుడు ఏమన్యాడో తెలుసునా?" అని మొదలుపెట్టేది. నేను సిగ్గుపడి, కొబ్బరినూనె గుడ్డతో ఆ నలుపు తుడుచుకోబోతే, నా చెయ్యి లాక్కుని తన దుప్పటి కింద దాచుకుంది.