కట్టెను కింద పడనియ్యని మా పోశం కాక

నిన్న పొద్దున కాక నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

ఎత్తంగనే నేనే మొదలువెట్టిన. "కాక, డ్యూటీల ఉన్న. మళ్ల ఏం విప్పినవ్? ఏది బిగియ్యొస్తలేదు?"

అటు దిక్కు చిన్నమ్మ ఉంది. "మీ కాక లేస్తలేడు బిడ్డ" అన్నది.

నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. మొన్న ఆదివారమే వీడియో కాల్ చేసి, నెత్తి తప్ప ఏం కనపడకుండ ఫోన్ పట్టుకొని, రంపం చైన్‌కు ఏ ఆయిల్ పొయ్యాలె అని అరగంట మాట్లాడిండు. నిద్రలనే గుండె ఆగిందట.

పోశం కాక మా నాన్నకు తమ్ముడు. గోదావరిఖనిల బొగ్గు బాయి పని. టింబర్‌మన్. అంటే భూమి కింద పైకప్పు కూలకుండ కట్టె దిమ్మెలు నిలబెట్టే మనిషి. ముప్పై ఏండ్లు అదే డ్యూటీ. రిటైర్ అయినంక కూడ ఆ చేతులు ఊకుండలే.

ఏడుద్దామనే కూసున్న. కానీ గుర్తొస్తున్నదంతా మేమిద్దరం చేసిన ఆ రంపమే. అందుకే అదే రాస్తున్న.

అది నా ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్. మా ఇంట్ల టెన్త్ దాటింది నేనొక్కదాన్నే. ప్రాజెక్టు పాస్ కాకపోతే డిగ్రీ లేదు, క్యాంపస్‌ల వచ్చిన ఉద్యోగం కూడ లేదు.

కాలేజీ షెడ్డుల సీనియర్ల గో-కార్ట్, అంటే చిన్న రేసు బండి, ఒకటి గోడకు గుద్దుకొని పడి ఉండె. బండి మొత్తం తుక్కు. ఇంజన్ మాత్రం బాగుంది. దాన్ని తీసి చెట్లు కోసే చైన్ రంపానికి పెడదామన్న ఐడియా నాది. ధైర్యం కాకది.

పేపర్ మీద "హై పెర్ఫార్మెన్స్ చైన్‌సా" అని రాసుకున్న.

"అంటే ఏంది బిడ్డ?"

"మామూలు దానికంటె ఎక్కువ జోరు, ఎక్కువ స్పీడు కాక."

"మోత?"

"అది కూడ ఎక్కువనే."

"గట్లనైతె దాన్ని మీ చిన్నమ్మ అను."

చిన్నమ్మ లోపల్నుంచి విన్నది. ఆ రోజు మాకు చాయ్ రాలే.

రెండు నెలలు కాక క్వార్టర్ వెనుక రేకుల కింద పని చేసినం. మంచిర్యాల నుంచి పొడుగు బ్లేడు, చైను తెచ్చినం. తీరా తయారైనంక చూస్తే ఒక్కరు లేపేటట్టు లేదు. అటొక హ్యాండిల్, ఇటొక హ్యాండిల్ వెల్డింగ్ చేసి, దవాఖానల స్ట్రెచర్ మోసినట్టు ఇద్దరం మోసేటోళ్లం.

మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు, నైట్ షిఫ్టు చేసొచ్చి పండుకున్నోళ్లంతా లుంగీల మీద బయటికొచ్చిన్రు. పక్కింటి రాజన్న మామ అయితే బాయిల ఏమో అయిందనుకొని హెల్మెట్ పెట్టుకొనే వచ్చిండు.

"ఏందిరా పోశం ఈ మోత? కోసిందెంత?"

"ఇంక కొయ్యలే బావ. ఇప్పుడే లేశింది."

"అది లేశింది, కాలనీ మొత్తం లేశింది. ఇగ దాన్ని పండవెట్టు!"

డెమో రోజు మా బ్యాచ్ పోరగాళ్లు ముగ్గురు దాని దగ్గరికి రామన్నరు. రెండో హ్యాండిల్ పట్టేతందుకు కాక వచ్చిండు. బాయి బూట్లు, హెల్మెట్, ఇస్త్రీ చేసిన పాత యూనిఫాం. నాకంటె గంట ముందే వచ్చి మొద్దును స్టాండ్ మీదకెక్కించి రెడీగ పెట్టిండు.

మార్కులు వేసే ఎక్స్‌టర్నల్ సార్ వచ్చిండు. స్టార్ట్ చేసినం. చైన్ సగం దాక జున్నుల దిగినట్టు దిగింది.

అక్కడ పట్టేసింది.

ఇంజన్ అరుస్తున్నది, చైన్ కదులుతలేదు. క్లచ్‌ల నుంచి నల్లటి పొగ. సార్ దగ్గుకుంటనే పెన్ను మూత తీసిండు.

"పదిహేను నిమిషాలు చూస్తానమ్మా. పని చేస్తే సరే. లేదంటే వచ్చే ఏడాది రండి."

కాక పోయి మెట్ల మీద కూసున్నడు. హెల్మెట్ తీసి ఒళ్ల పెట్టుకున్నడు.

"నా వల్ల నీ సదువు ఆగుతదా బిడ్డ?"

కాక గొంతు అట్ల నేను ఎన్నడు వినలే.

నేను మొద్దు దగ్గరికి పోయిన. అప్పుడు కనపడ్డది. తెగినంక కింద పడాల్సిన కొస కింద, కాక ఒక దిమ్మె నిలబెట్టిండు. చెక్కముక్కలు కొట్టి గట్టిగ బిగించిండు. రెండు కొసలు అట్ల ఆగి ఉంటే మొద్దు నడుమల కుంగుతది. కోత మూసుకొని చైన్‌ను అదుముతది.

"కాక, ఈ దిమ్మె ఎందుకు పెట్టినవ్?"

"లేకుంటె పడతది గద?"

"పడాలె కాక! మనం కోసేదే పడేతందుకు!"

కాక నన్ను చూసిండు. మొద్దును చూసిండు.

"పడాల్నా?" అన్నడు.

ముప్పై ఏండ్ల అలవాటు. ఎవ్వలు చెప్పకముందే చేతులు నిలబెట్టేసినయ్.

సుత్తె పట్టుకున్నడు. కొట్టే ముందు సార్ రెక్క పట్టుకొని షెడ్డు గేటు దాక గుంజుకపోయిండు. "సారూ, దిమ్మె తీసేటప్పుడు దగ్గర ఎవ్వలు ఉండొద్దు." పోరగాళ్లను కూడ బయటికి తోలి, అందరు వచ్చిన్రా అని ఒకసారి లెక్కవెట్టుకున్నడు. మోకాలెత్తు మీద ఉన్న మొద్దుకు ఇంత కథ.

దిమ్మె తీసినం. కొస వంగింది, కోత తెరుచుకున్నది. మళ్ల స్టార్ట్ చేసినం.

నాలుగు సెకన్లు. ధడేల్‌మని పడ్డది.

కాక కండ్లు మూసుకొని ఉన్నడు. భుజం తట్టి "అయిపోయింది కాక" అంటే ఒక్క కన్ను తెరిచిండు.

ఎందుకు పట్టేసిందో చెప్పమని సార్ గేటు కాడ్నుంచే అడిగిండు. బొమ్మ గీసి చెప్పిన. మార్కులు వేసిండు. పోయేటప్పుడు నవ్విండు. "ఈయన పక్కనుంటే నీకు దెబ్బ తగలదు గానీ, పని కూడా కాదమ్మా."

పాసైన. ఉద్యోగంల చేరిన. కాక కాలనీ అంతా జిలేబి పంచిండు. "మిషన్ నడుమల జర మొరాయించింది, మా బిడ్డ సరిచేసింది" అని అందరికి చెప్పిండు. దిమ్మె ముచ్చట మాత్రం ఎవ్వలకు చెప్పనని నాతోని ఒట్టు వేయించుకున్నడు.

నాలుగేండ్లు దాచిన. ఈ రోజు మాట తప్పిన. మాఫ్ చెయ్యి కాక.

నా డిగ్రీ కాగితం మీద నా పేరొక్కటే ఉంది. అందుకే ఆయన పేరు ఇక్కడ రాస్తున్న.

పోశం. టింబర్‌మన్.

రిటైర్ అయినా ఫస్ట్ షిఫ్టు సైరన్‌కు ఉలిక్కిపడి లేచేటోడివి. అది రేపు కూడ మోగుతది.

లేవకు కాక. పానం నిమ్మలంగ పెట్టుకొని పండుకో.