మూత మీద మూడు దెబ్బలు

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడు, మా ఇంట్లో అమ్మ మాట ఎత్తకూడదనే చట్టం ఒకటి ఉండేది. ఎవరూ నోటితో చెప్పలేదు. నాన్న అమ్మ వస్తువులన్నీ ట్రంకు పెట్టెలో పెట్టి మంచం కిందికి తోసేశారు, అంతే. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆరు నెలలు తిరిగేసరికి అమ్మ గొంతు ఎలా ఉండేదో గుర్తు రావడం మానేసింది. ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలో తెలియక లోలోపల భయంతో చచ్చేదాన్ని.

మేం హిందీవాళ్ళ నడుమ, ఉక్కు కార్ఖానా ఊళ్ళో, కాసిడీహ్ అనే పేటలో ఉండేవాళ్ళం. మాకూ పక్కింటి బాబాయికీ నడుమ ఒకటే గోడ. బాబాయి కార్ఖానాలో ఫిట్టరు. ఇనప కడ్డీ ఒక కొస యంత్రానికీ, రెండో కొస చెవికీ ఆనించి లోపల ఏ బేరింగు అరిగిందో చెప్పేసే మనిషి. ఆ చెవి ఇంటికొచ్చినా ఊరుకునేది కాదు. బకెట్లు, డబ్బాలు, టిఫిను క్యారేజీలు ఏది దొరికితే అది వాయించేవాడు, పిన్ని తిడుతూ ఉండేది. ఆ చలికాలం మా తెలుగువాళ్ళ హాల్లో ఆయన కచేరీ పెట్టారు. వీధిలో ప్రతి ఇంటి నుంచీ ఒక సామాను కావాలన్నాడు. నాన్న డ్యూటీలో ఉండగా నేను పెట్టె తెరిచి, అమ్మ గరిటె, ఇత్తడి మూత ఇచ్చొచ్చాను. ఎందుకిచ్చానంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఆదివారం మధ్యాహ్నం. కిటికీలు మూసి, దీపాలు ఆర్పి, తెల్ల దుప్పటి వెనక కూర్చుని వాయించాడు. రైలు పోయింది, పంపు దగ్గర బిందెలు కొట్టుకున్నాయి, అందరూ నవ్వారు. తర్వాత రేకు మీద వాన పడింది. వాన ఆగింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. హాల్లో ఎవరూ దగ్గనైనా లేదు.

అప్పుడు మూత మీద మూడు దెబ్బలు పడ్డాయి. కాస్త ఆగి, ఇంకొకటి.

అమ్మ నాన్నను పేరు పెట్టి పిలిచేది కాదు, మావాళ్ళలో ఆడవాళ్ళెవరూ పిలవరు. డ్యూటీ వేళకు లేపాలంటే వంటింట్లోంచి గరిటెతో మూత మీద సరిగ్గా అలాగే కొట్టేది. నాలుగో దెబ్బ వెనకే చేతి గాజులు జారి గలగలమనేవి. అదీ వినిపించింది.

నా పక్కన చీకట్లో నాన్న లేచి నిలబడ్డారు. "లేత్తన్నానే," అన్నారు, నిద్రలో ఉన్న గొంతుతో. "లేత్తన్నాను, టీ పెట్టు." కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటున్నారు. నేను ఆయన చొక్కా గట్టిగా పట్టుకున్నాను. దుప్పటి వైపు చూడడానికి ధైర్యం చాలలేదు. అమ్మ అక్కడ ఉంటుందేమోనని భయం, ఉండదేమోనని అంతకంటే భయం.

దీపాలు వేశారు. నాన్న వెళ్ళి దుప్పటి తొలగించి గరిటెను చూశారు, ఆపైన నన్ను చూశారు. నా వీపు విమానం మోత మోగుతుందనుకున్నాను. బాబాయే ముందు మాట్లాడాడు. "గోడవతల నుంచి రోజూ ఇనీవోడినన్నా. నువ్వు పెట్టెలో పెట్టీసినా, నా సెవిలోంచి పోలేదు."

నాన్న గరిటె చేతిలోకి తీసుకుని, మరి గాజులెవరివని అడిగారు. బాబాయి తెల్లబోయాడు.

"గాజులేటన్నా? నేను తేలేదు."

వెతికాం. బిందెలు, డబ్బాలు, రేకులు తప్ప ఇంకేమీ లేవు.

ఇంటికి నడుస్తూ నాన్న మొదటిసారి ఏడ్చారు. ఏడుస్తూనే అమ్మ గురించి చెప్పడం మొదలుపెట్టారు. పప్పులో ఉప్పెక్కువ వేసేదట. కూరగాయలవాడితో హిందీలో తగువు మొదలుపెట్టి చివరికి తెలుగులో తిట్టేదట. ఇల్లొచ్చినా ఆపలేదు. మెట్ల మీద కూర్చుని చెబుతూనే ఉన్నారు. ఆ తిట్లు వింటుంటే అమ్మ గొంతు నాకు తిరిగొచ్చింది.

ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. ఎవరింట్లో మనిషి పోయినా పలకరించడానికి వెళ్తాను. అందరూ గుసగుసగా మాట్లాడుతుంటే నేను మాత్రం పోయినవాళ్ళ పేరు గట్టిగానే చెప్పి, ఎలా నవ్వేవారు, దేనికి కోప్పడేవారు అని అడుగుతాను. కొందరికి ఒళ్ళు మండుతుంది. మండనీ. ఆ ఇంట్లో చిన్నపిల్ల ఒకతె ఉంటే, ఆ జవాబు కోసం చెవులు రిక్కించుకుని ఉంటుందని నాకు తెలుసు.