తువ్వాలు పరీక్ష

నా ఆఖరి పోస్టింగు గన్నవరం విమానాశ్రయం. రెండు ఇంజన్ల చిన్న విమానానికి కెప్టెన్‌ని. రోగుల్నీ, ఒక్కోసారి మార్పిడి ఆపరేషన్లకు కావలసిన అవయవాల్నీ చేరవేయడం మా పని. చెప్పబోయేది రిటైరవడానికి ముందు ఏడాది నవంబరు మాట. అల్పపీడనం పట్టి, విచ్చిన పత్తి చేలోనే తడిసి, గుంటూరు నుంచి ఒంగోలు దాకా ముసురు వదలని వారం.

నా కో-పైలట్ మాధురి చీరాల అమ్మాయి, చేనేత కుటుంబం. చెయ్యి మంచిది, నోరు ఇంకా గట్టిది. విమానం ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు, ఆకాశం తేటగా ఉంటే, నాదొక అలవాటు. ఆటోపైలట్ తీసేయించి, కో-పైలట్ ఎదుట ఉన్న పెద్ద తెర మీద మంగళగిరి తువ్వాలు కప్పేవాణ్ణి. ఇక మిగిలేవి మధ్యలో ఉండే చిన్న పరికరాలే. వేగం చెప్పేదొకటి, ఎత్తు చెప్పేదొకటి, రెక్కలు సమంగా ఉన్నాయో ఒరిగాయో చూపే పిడికిలంత బొమ్మ, అద్దం దగ్గర దిక్సూచి. వాటితోనే నడపమనేవాణ్ణి. జూనియర్లు దానికి తువ్వాలు పరీక్ష అని పేరు పెట్టి, నా వెనక తిట్టుకునేవారు. మాధురి మొహం మీదే అనేసింది.

"మిక్సీ ఉన్నింట్లో రోలు ముందు కూర్చోబెట్టి కారం దంచమన్నట్టుందండీ."

"దంచు తల్లీ. కరెంటు పోయిన రోజు తెలుస్తుంది" అన్నాను. నా నోరూ తక్కువదేం కాదు.

ఆ ఉదయం రేణిగుంటలో ఒక గుండెను ఎక్కించుకున్నాం. ఐసు పెట్టెలో గుండె, పక్క సీట్లో దానికి కాపలాగా ఒక డాక్టరుగారు. గుంటూరు ఆసుపత్రిలో దాని కోసం ఒక మిరప రైతు ఎదురుచూస్తున్నాడు. ఆయన్ని అప్పటికే ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారు. బయటికి తీసిన గుండె కొద్ది గంటలే పనికొస్తుంది. ఇది చెడితే ఇంకోటి దొరికేదాకా ఆయన ఉండడని డాక్టరుగారు బయల్దేరే ముందే చెప్పారు.

ఆ విడత నడిపే వంతు మాధురిది. రేడియో, చెక్‌లిస్టు నావి. ఒంగోలు దాటాక దట్టమైన మబ్బులో ఉండగా పెద్ద తెరలన్నీ ఒక్కసారే నల్లబడ్డాయి. వాటితోపాటే ఆటోపైలట్ వదిలేసింది. ఇంజన్లకూ రేడియోకూ ఏమీ కాలేదు. కిటికీలోంచి చూస్తే నేలా లేదు, ఆకాశమూ లేదు, అంతా ఒకటే తెలుపు.

మేం తేరుకునేలోపే విమానం మెల్లమెల్లగా ఎడమకు ఒరిగింది. అంత మెల్లగా ఒరిగితే ఒంటికి తెలియదు. మాధురి చిన్న బొమ్మ చూసి గబుక్కున సరిచేసింది. చిక్కు అక్కడే వచ్చింది. ఒరగడం పట్టుకోలేని చెవి, సరిచేయడాన్ని మాత్రం పట్టుకుంటుంది. దాంతో సమంగా పోతున్న విమానం రెండో వైపుకు పడిపోతున్నట్టు అనిపిస్తుంది. మబ్బులో ఈ భ్రమను నమ్మి విమానాన్ని నేలలోకి దించిన పైలట్లు ఉన్నారు.

"సార్, కుడికి పడిపోతున్నామండీ!" అంది మాధురి. ఆమె చెయ్యి ఆమెకు తెలియకుండానే మళ్లీ ఎడమకు పోతోంది.

"కంట్రోల్స్ నావి" అని నేను ఒక్క మాటంటే విమానం నా చేతికొస్తుంది. కానీ అప్పుడే తెరల ఫ్యూజులు చూద్దామని తల తిప్పి ఎత్తానేమో, నా బుర్ర గానుగలా తిరుగుతోంది. ఆమె చూపు మాత్రం పరికరాల మీంచి కదల్లేదు. ఆ స్థితిలో చేతులు మార్చుకోవడం కంటే ఆమెను నిలబెట్టడమే మేలనిపించింది. భయం వేయలేదా అంటే, వేసింది.

"బొమ్మ ఏమంటోంది?"

"సమంగా ఉందంటోందండీ. కానీ నాకు..."

"నాకూ అలాగే ఉందమ్మా. నేనూ కుడికి పడిపోతున్నా. దిక్సూచి తిరుగుతోందా?"

"లేదండీ."

"ఒరిగుంటే తిరగాలి కదా. ఎత్తు?"

"తగ్గలేదండీ."

"అయితే మనిద్దరిదీ అబద్ధం. అవి చెప్పేదే నిజం. పైకి చదువుతూ ఉండు."

చదివింది. బొమ్మ, వేగం, ఎత్తు, మళ్లీ బొమ్మ. ఎక్కాలు అప్పజెప్పే పిల్లలా చదివింది. కాసేపటికి చెయ్యి నిలిచింది.

ఇక ఎటు పోవాలో తేల్చాలి. రేణిగుంటలో తేటగా ఉంది. వెనక్కి తిరిగితే మాకు క్షేమం, గుండె మాత్రం వృథా. గన్నవరంలో మబ్బు దిగువన రన్‌వే కనిపిస్తోందని టవర్ చెప్పింది. కనబడకపోతే పైకి లేచి వెనక్కి పోవడానికి ఇంధనం ఉంది.

"వెళ్దామా?" అని అడిగాను.

"వెళ్దామండీ. పాపం, ఆయన బల్ల మీదున్నాడు" అంది, బొమ్మ మీంచి చూపు తిప్పకుండానే.

మలుపులో దిక్సూచి ఊగిపోతుంది, దాన్ని నమ్మి తిరగలేం. అలాంటప్పుడు రాడార్ ముందున్న కంట్రోలర్ మా బదులు చూస్తాడు. తిరగమన్నప్పుడు తిరగాలి, ఆపమన్నప్పుడు ఆపాలి. గుంటూరు ఎప్పుడు దాటామో తెలియదు. ఆయన చెప్పడం, నేను ఎత్తు చదవడం, మాధురి రెక్కలు కొద్దిగా వంచి మళ్లీ సమం చేయడం. మబ్బు చిరిగి రన్‌వే దీపాలు ఎదురుగా కనబడ్డప్పుడు "హమ్మయ్య" అన్నది ఇద్దరిలో ఎవరో నాకిప్పటికీ గుర్తులేదు.

డాక్టరుగారు పెట్టెతో దిగుతూ, "భలే మెత్తగా తెచ్చారండీ. ఒక్క మలుపైనా లేకుండా తిన్నగా వచ్చేశాం!" అన్నారు.

అన్ని మలుపులు తిరిగితే ఆయన ఒంటికి ఒక్కటీ తెలియలేదు. మాధురి "అవునండీ" అని ఊరుకుంది. అంబులెన్సు గేటు దాటాక సీట్లో కూలబడి బావురుమంది. నా దగ్గర ఇంకేముంది, సంచిలోంచి తువ్వాలు తీసిచ్చాను. మొహం తుడుచుకుని, "కారం దంచడం వచ్చినట్టేనా సార్?" అంది. వచ్చిందన్నాను.

సాయంత్రం డాక్టరుగారు ఫోన్ చేసి, గుండె కొట్టుకుంటోందని చెప్పారు.

చిన్న పరికరాలతో నడపడం తువ్వాలుతో నేర్పవచ్చు. కానీ ఆకాశం తేటగా ఉన్న రోజు ఎంత తువ్వాలు కప్పినా, ఒళ్లు అబద్ధం చెప్పే క్షణాన్ని నేర్పలేం. ఆ క్షణంలో పక్కవాడు "భయపడకు" అంటే లాభం లేదు. నాకూ అలాగే ఉందని చెప్పాలి, ఆ తరువాత బొమ్మ ఏమంటోందని అడగాలి.