చిన్నాయన కట్టిన మోకు

నిన్న నంద్యాల రోడ్డు మీద ఒక ట్రాక్టర్ ట్రాలీ కొక్కెం ఖణేల్‌మంటూ పోతుంటే కాసేపు నిలబడిపోయాను. మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ట్రాక్టర్లు వచ్చిన కొత్తలో ట్రాలీలు యాడివి? ఎద్దులబండినే వెనక కట్టేవాళ్లు.

ఆళ్లగడ్డ దగ్గర మా ఊరికి మొదటి ట్రాక్టర్ తెచ్చింది మా చిన్నాయన. నంద్యాలలో మేనత్త కూతురి పెళ్లికి అందరినీ దానిమీదే తీసుకుపోతానని, బండి నొగలను ట్రాక్టర్ వెనక మోకుతో కట్టాడు. పిల్లలమంతా ఎక్కేశాం. మా అవ్వ ఎక్కలేదు.

"పల్లంలో ఎద్దులైతే వెనక్కి ఆనుకొని బండిని నిలుపుతాయి. ఈ మోకు ఏం నిలుపుతాదిరా?"

"కొత్త మోకుమ్మా, తెగదు."

"అట్లయితే పిల్లోళ్లను దింపి నువ్వు కూచో. డ్రైవరు తోల్తాడు."

మమ్మల్ని దింపి చిన్నాయన బండెక్కాడు; మేం అవ్వతో పాటు వెనక నడిచాం. వంక దగ్గర పల్లంలో ట్రాక్టర్ నెమ్మదించగానే మోకు వదులైంది. బండి ముందుకు ఉరికి, నొగలు ట్రాక్టర్‌ను ఢీకొన్నాయి. చిన్నాయన ఎగిరి బురదలో పడ్డాడు.

"ఏందప్పా, మోకు తెగిందా?" అంది అవ్వ. మా నవ్వు ఆగలేదు.

సాయంత్రానికి కమ్మరి మోకు తీసేసి నొగలకూ ట్రాక్టర్‌కూ నడుమ ఇనుప కడ్డీ బిగించాడు. దానికి చీల దించి, అది ఎగిరిపోకుండా అడుగున తీగ మెలిపెట్టాడు. అవ్వ చిన్నాయనను మళ్లీ బండిలో కూర్చోబెట్టి వంక దింపించింది. ఈసారి ట్రాక్టర్ ఆగినచోటే బండీ ఆగింది.

తెల్లారి బండెక్కిన అవ్వ నంద్యాల దాకా హాయిగా నిద్రపోయింది. డ్రైవరు పక్కన కూర్చున్న చిన్నాయన మాత్రం పల్లం వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి చూశాడు.