పత్తికట్టె పొయ్యి పక్కన తుపాకీ

"మందు లోపలే ఉండిపోయిందమ్మా, చలికి అంటుకోలా" అని మామగారు అంటుంటే, పాలగిన్నె పట్టుకుని దొడ్డి వైపు చూశాను. నీళ్ల పొయ్యి పక్కన, పత్తికట్టె మోపు మీద తుపాకీ పడుకోబెట్టి ఉంది. దాని మూతికి ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని మా చిన్నది చేతులు కాచుకుంటోంది. వాళ్లన్న పొయ్యిలోకి పుల్లలు తోస్తున్నాడు.

కొండ వారన మా మిరప చేను, దాని పక్కనే మొక్కజొన్న. కంకులు పాలుపోసుకున్నప్పటి నుంచీ అడవిపందులు దిగుతాయి. వాటిని బెదరగొట్టడానికి మామగారి దగ్గర లైసెన్సున్న పాత తుపాకీ ఉంది, మూతిలోంచి తుపాకీ మందు పోసి కూరే రకం. ఎండలప్పుడు ఒక్క దెబ్బకి ఊరంతా ఉలిక్కిపడుతుంది. మంచు పడే రోజుల్లో మందు చెమ్మ లాగేస్తుంది. ఒక్కోసారి మీట నొక్కాక కాస్త ఆగి పేలుతుంది, ఒక్కోసారి తుస్సుమంటుంది. నిన్న తెల్లవారుజామున అసలు పేలలేదు. ఆయన దాన్ని అలాగే తెచ్చి పొయ్యి దగ్గర ఆరబెట్టారు. చలికాలంలో మా ఇంట్లో మెత్తబడ్డదల్లా అక్కడికే చేరుతుంది: అగ్గిపెట్టె, తడి చెప్పులు, పిల్లల సాక్సులు.

అరిస్తే పిల్లలు బెదిరి ఎటు పరిగెత్తుతారోనని గొంతు తగ్గించాను.

"ఏరా, చెల్లిని తీసుకుని గోడ పక్కనుంచి రా. పాలు చల్లారిపోతున్నాయి."

"నీళ్లింకా కాగలేదమ్మా."

"ముందొచ్చినవాళ్లకే మీగడ."

ఇద్దరూ లేచారు. సగం దూరం వచ్చి చిన్నది చెప్పు కోసం వెనక్కి వెళ్లింది. అది వంగి చెప్పు తొడుక్కుని నా దాకా వచ్చేవరకు నేను తుపాకీ మీంచి చూపు తిప్పలేదు. ఇద్దర్నీ లోపలికి నెట్టాను.

మామగారు నవ్వారు. "డిగ్రీ చదివినదానివి, దానికింత భయమేందమ్మా? గుండు లేదుగా దాంట్లో. కాస్త వేడి తగిలితే అదే దారిలో పడుద్ది. తీసుకొస్తానుండు."

"వద్దు మామయ్యా, మీరూ వెళ్లొద్దు."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. కోడలినై వచ్చాక ఎప్పుడూ అలా పట్టుకోలేదు. ఆ విస్తుపాటుకే ఆగినట్టున్నారు.

రవ్వ పడిందో, వేడికే అంటుకుందో, అప్పుడు పేలింది. దొడ్డంతా తెల్లటి పొగ. లోపల పిల్లలు కెవ్వుమన్నారు. పొగ తేలిపోయాక చూస్తే స్టూలు గోడ దగ్గర బోర్లాపడి ఉంది. దాని నిండా చిల్లులు.

గుండు లేదన్న మనిషి నేల చూశారు. "ఉత్త శబ్దానికి పందులు కదలట్లేదని... కాసిని గుళ్లు వేశానమ్మా."

తుపాకీ ఇప్పుడు అటక మీద ఉంది. కానీ కంకులు ఇంకా చేలోనే ఉన్నాయి, ఈ రాత్రి కూడా మంచు కురుస్తోంది. పిల్లల పక్కన కూర్చుని రాస్తూ, మామగారు దగ్గినప్పుడల్లా అటక వైపు చూస్తున్నాను.

ఈ ఉదయం స్నానానికి పిలిస్తే ఇద్దరూ గడప దాటలేదు. "తాత తుపాకీ పాడైపోయిందన్నాడుగా, మరెందుకు పేలింది?" అని పెద్దాడు అడిగాడు. అరుగు మీద మామగారు వింటూనే ఉన్నారు. అయినా నేను గొంతు తగ్గించలేదు.

"పేలలేదంటే పాడైందని కాదు నాన్నా, మందు ఇంకా లోపలే ఉందని. అలాంటిది కనబడితే ముట్టుకోకుండా దూరంగా వచ్చెయ్యండి. ఏం కాదులే అని తాత చెప్పినా, నాన్న చెప్పినా, నేను చెప్పినా సరే, వినొద్దు."