అత్తమ్మ దిద్దిన కథలు

మా అత్తగారింట్లో ఆడమనిషి కలం పట్టుకుందంటే ఒక్కటే అర్థం, తల్లిగారింటికి ఫిర్యాదు రాస్తోందని. ఇంకెందుకు రాస్తుంది మరి? డెబ్బైల మధ్యలో పెళ్లయి జహీరాబాద్ వచ్చిన కొత్తలో నాకీ సంగతి తెలియదు. పెళ్లికి ముందు ఒక వారపత్రికలో నా కథ వచ్చింది. ఆ ఊపులోనే, మధ్యాహ్నం అందరూ నడుం వాల్చిన వేళ వంటింటి గడప దగ్గర కూర్చుని మరో కథ మొదలుపెట్టాను. పేరా పూర్తికాకముందే అత్తమ్మ వచ్చి నెత్తిమీద నిలబడింది.

"ఎవలకు రాస్తున్నవే?"

"ఎవరికీ కాదత్తమ్మా. కథ రాసుకుంటున్న."

"కతనా? మేం నీకేం తక్కువ జేసినమని కత?"

అత్తమ్మ బీదర్ వైపు మనిషి. తెలుగు గలగలా మాట్లాడేది గాని చదవడం రాదు. తాను చదవలేని కాగితాన్ని నమ్మేది కాదు. సాయంత్రానికి పంచాయితీ మా ఆయన ముందుకు పోయింది. ఆయన మంచివాడే. ఎవరి మనసూ నొప్పించలేడు, నాది తప్ప.

"రాసిందంత అమ్మకు సదివి ఇనిపియ్యి. ఆమె అనుమానం పోతది, నీ రాత నడుస్తది. ఫికరెందుకు?" అన్నాడు.

అలా మొదలైంది నా సాహిత్య వ్యాసంగం. విత్తనానికి అల్లం తుంచే రోజుల్లో ఇంటి ఆడవాళ్లమంతా వాకిట్లో గోనెపట్టాల మీద కూర్చునేవాళ్లం. ప్రతి ముక్కకూ మొలక ఉండేలా చూసి గడ్డను విరవాలి. నా వంతు అల్లం కూడా మా తోడికోడలు తన ముందుకు లాక్కునేది, నేను చదవాలి కాబట్టి. అల్లం లేని రోజుల్లో మిరపకాయల తొడిమలు తీసేవాళ్లు. ఏ పనీ లేకున్నా చదువు మాత్రం తప్పేది కాదు. రాయకపోతే అత్తమ్మ ఊరుకునేది కాదు. "ఇయ్యాల రాయలే? నిన్న ఆ పిల్ల బాయికాడ నిలవడ్డది గదా, ఏమాయె మరి?" అని నిలదీసేది. రోజూ రాసే అలవాటు ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే నేను నవ్వి ఊరుకుంటాను. నిజం చెబితే వాళ్లకు నచ్చదు.

వినడంతో ఆగినా బాగుండేది. అత్తమ్మ దిద్దేది. నా కథలో కోడలు ఎదురు చెప్పిందంటే చేతిలో అల్లం కింద పెట్టేది.

"గది తీసెయ్. కోడలు గట్ల మాట్లాడుతదా? సదివినోళ్లు మన ఇంటి సంగతే అనుకుంటరు."

తాగి ఇంటికొచ్చిన భర్తను జ్వరంతో వచ్చినట్టు రాయించేది. అలిగి వెళ్లిపోయిన ఆడదాన్ని పొద్దు గూకేలోగా ఇల్లు చేర్పించేది. మా తోడికోడలు తల వంచుకుని అల్లం తుంచేది. ఆమెకు నేను మొదట రాసిందే నచ్చేదని నాకు తెలుసు. అయినా ఆమె నోరు విప్పలేదు, నేనూ ఎదురాడలేదు. ఎదురాడితే మర్నాటి నుంచి కాగితం ముట్టనివ్వరని నా భయం.

నాకు ఇప్పటికీ కడుపు మండేదేమిటంటే, ఆ కథలు వరసగా అచ్చయ్యాయి. పత్రిక వచ్చిన రోజున మా ఆయన దాన్ని చంకలో పెట్టుకుని బజారంతా తిరిగేవాడు. అత్తమ్మ ఏ పెళ్లికి వెళ్లినా అదే మాట. "మా కోడలు మస్తు మంచి కతలు రాస్తది. ఒక్క చెడ్డ మాట ఉండది." నన్ను పాఠకులు సంసారపక్షపు రచయిత్రి అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు వింటే చెంప మీద కొట్టినట్టుండేది.

ఎనభైల్లో అత్తమ్మ పోయింది. ఏడ్చాను, అబద్ధమెందుకు. కర్మలన్నీ అయ్యాక ఆమె గది నాకిచ్చారు. దానికి తలుపుంది, గడియ ఉంది. ఇక ఆపేవాళ్లు లేరనుకుని ఒక కథ మొదలుపెట్టాను. అందులో ఒకామె పొద్దున్నే పొయ్యి ఆర్పేసి, పిలిచినా పలకకుండా ఇంట్లోంచి బయటికి నడుస్తుంది. బొంబాయి బస్సెక్కాలి. బస్టాండు దాకా బాగానే నడిచింది. అక్కడికి చేరాక పప్పు నానబెట్టి వచ్చానని గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

కాగితం చించేసి మళ్లీ రాశాను. ఈసారి మరిదికి ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. ఇంకోసారి వాన పట్టుకుంది. ఎలా రాసినా ఆమెకు ఇంటికి రావడానికి ఏదో ఒక సాకు దొరికేది. గడియ వేసుకున్న గదిలో, వినే మనిషే లేని చోట, ప్రతి వాక్యం తర్వాతా ఎవరో తీసెయ్యమంటారేమోనని ఆగేదాన్ని. బతికుండగా అత్తమ్మ మీద నాకంత కోపం ఎన్నడూ రాలేదు.

ఉపాయమంటూ ఏమీ లేదు. పాలు కాచకముందే గదిలోకి వెళ్లి, ఆమె వెనక్కి తిరిగిన చోటు నుంచి మళ్లీ రాయడమే. హైవే మీద చెరకు లారీల కాలం మొదలైంది, అయిపోయింది కూడా. ఒకనాటి పొద్దున ఆమె బస్సెక్కి టికెట్ తీసుకుంది. నేను కలం పక్కన పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను.

కాగితానికి ఒకవైపే సాఫుగా తిరగరాసి, తిరుగు కవరుకు స్టాంపులంటించి, నా కథలు అడిగి మరీ వేసుకునే పత్రికకు పంపాను. అదే కవరులో తిరిగొచ్చింది. పైన సంపాదకుడు తన చేత్తోనే చీటీ రాశాడు. మీ నుంచి ఇలాంటిది ఊహించలేదు, చివర్లో ఆమె ఇల్లు చేరినట్టు మారిస్తే వెంటనే వేసుకుంటాం అని.

మా ఆయన చీటీ చదివి, "మార్చరాదు? ఆకరి ముక్కనే గదా" అన్నాడు.

మార్చలేదు. ఆ కథ ఇవాళ్టికీ అచ్చు కాలేదు. ఆ పత్రిక మళ్లీ నన్ను కథ అడగలేదు. ఆ చీటీ వచ్చిన మర్నాడు పొద్దున్నే గడియ వేసుకుని కొత్త కథ మొదలుపెట్టాను. మొదటి వాక్యానికే బస్సు బొంబాయి దారిలో హుమ్నాబాద్ దాటింది. ఆమె కిటికీ పక్కన కూర్చుని అరటిపండు తింటోంది.