ఏకగ్రీవం చెల్లని రాజ్యం

నేను పాఠం చెప్పే చరిత్ర పుస్తకంలో ఉత్తరాఫ్రికా కొండల్లోని బెర్బర్లకు దక్కింది ఒక్క వాక్యం. మా ప్రిన్సిపాల్ సర్క్యులర్లు కూడా అంతకంటే పొడుగ్గా ఉండేవి. తొంభైల చివర, గవర్నర్‌పేటలో ఓ ప్రైవేటు కాలేజీ. ఆ ఒళ్లుమంటతోనే, కరెంటు పోయిన మధ్యాహ్నాలు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని వాళ్లకో రాజ్యం కట్టడం మొదలుపెట్టాను.

ఎదుటి కుర్చీ బోటనీ మేడమ్‌ది. భవానీపురం నుంచి వచ్చే ముస్లిం అమ్మాయి. వయసులో నాకంటే చిన్నది, నోటి విషయంలో మాత్రం తీసిపోయేది కాదు.

"లోయ నిండా వరి వేయిస్తాను" అన్నాను.

"మీ పామర్రు కాలవ అక్కడిదాకా ఎవరు తవ్వుతారండీ? బార్లీ వేయండి."

"రాజ్యం నాది."

"అయితే మీ రాజ్యం ఆకలితో చస్తుంది మేడమ్."

అలా తనూ రాజ్యంలో చేరింది. వారసత్వం వద్దు, రాజును ఎన్నుకోవాల్సిందేనని తన పట్టు. ఐదు తెగలు, తెగకో సుద్దముక్క. తెల్లది వేస్తే ఔను, రంగుది వేస్తే కాదు. ఓ ఏడాది మూడు తెగలు నావి, రెండు తనవి. మరుసటేడు తారుమారు. ఖాళీ సుద్దముక్కల డబ్బాయే బ్యాలెట్ పెట్టె. నేను చేర్చిన చట్టం ఒక్కటే: ఏకగ్రీవం చెల్లదు. ఐదూ తెల్లవే పడితే సింహాసనం ఖాళీ.

"ఇదేం చట్టమండీ? అందరూ ఒప్పుకుంటే మంచిదేగా?"

మా ఊరి పంచాయతీకి అమ్మ నామినేషన్ వేస్తే, ఊరి పరువంటూ పెద్దలు మా అరుగు మీద కూర్చుని వెనక్కి తీయించారు. ఏకగ్రీవమైందని టపాకాయలు కాల్చారు. ఆ చప్పుడు వింటూ అమ్మ పప్పు రుబ్బుకుంది. ఇది చెప్పాను. తను సుద్దముక్కల డబ్బా దగ్గరికి లాక్కుంది. ఆ ఏడు నేను నిలబెట్టిన రాజుకు తన రెండు తెగల చేతా రంగు ముక్కలే వేయించింది. మూడు తెల్లవాటితో రాజు చెల్లాడు.

రెండువేల సంవత్సరం దాటాక తనకు కర్నూలులో గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. "వరి జోలికి పోకండి" అంది బస్సెక్కుతూ. కొన్నాళ్లు ఫోన్లు. తర్వాత పండగలకు. తర్వాత అవీ లేవు.

ఆ ఏడాది ఐదు ముక్కలూ నేనే వేసి చూశాను. నామీద నేనే రంగు ముక్క వేసుకుంటే అది వ్యతిరేకత ఎలా అవుతుంది, నాటకం గాని!

కొన్నాళ్లకు ఆ కుర్చీలోకి కొత్త మేడమ్ వచ్చింది. ఒకరోజు రాజ్యమంతా చెప్పి, కావాలనే అన్నాను: "లోయ నిండా వరి."

"బాగుంటుంది మేడమ్."

"కొండల్లో నీళ్లెక్కడివి?"

"మీరెలా అంటే అలాగే మేడమ్."

గంట మోగింది. తను నా డబ్బాలోంచి తెల్ల ముక్కలు ఏరుకుని క్లాసుకు వెళ్లిపోయింది.

ఇప్పుడా లోయ నిండా వరే. అడిగేవాళ్లు లేరు.